అరగంట, మూడు రోజులు, రెండు నెలలు: ఒళ్ళు నొప్పుల లెక్కలో కెటిల్‌బెల్, డంబెల్, రబ్బరు బ్యాండు, నడక

మూడేళ్ళ కిందట మా అపార్ట్‌మెంట్ జిమ్‌లో మొదటిసారి కెటిల్‌బెల్ పట్టుకున్నాను. పిడి పెట్టిన ఇనుప గుండు, పన్నెండు కిలోలు. ట్రైనర్ కుర్రాడు "వంద స్వింగ్స్ కొట్టన్నా, ఏం కాదు" అన్నాడు. కొట్టాను, అంటే గుండును కాళ్ళ మధ్య నుంచి ఛాతీ దాకా వందసార్లు ఊపాను. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉంది. రోజూ సాయంత్రమయ్యేసరికి సలిపే మెడ ఆ రోజు గుర్తుకే రాలేదు. మర్నాడు తొడల వెనక కాస్త బిగువు. ఎల్లుండి పొద్దున షూ లేసు కట్టుకోవడానికి వంగలేక, కాలు ఎత్తి కుర్చీ మీద పెట్టాల్సి వచ్చింది. "దీనికి నెలనెలా డబ్బులు కూడా కడుతున్నారా?" అంది మా ఆవిడ.

అదే వ్యాయామం ఆ సాయంత్రం నొప్పిని తగ్గించింది, ఎల్లుండికి పెంచింది. నేను అక్కడితో ఆపేయలేదు కాబట్టి, రెండు నెలలకు మెడ సలుపు కూడా చాలావరకు తగ్గింది. ఆఫీసులో, చుట్టాల్లో నన్ను అడిగేవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "నడుం నొప్పి ఉంది, కెటిల్‌బెల్ కొనమంటావా? డంబెల్సా? లేక నడిస్తే చాలా?" అరగంటలో ఏమవుతుంది, మూడు రోజుల్లో ఏమవుతుంది, రెండు నెలల్లో ఏమవుతుంది అని విడివిడిగా చూడకుండా దీనికి జవాబు చెప్పలేం.

## ముందు ఆ మూడింటి సంగతి

అరగంట. మెడకూ భుజానికీ మధ్య ఉన్న కండను బొటనవేలితో మెల్లగా నొక్కుతూ పోండి. మొదట ఉత్త ఒత్తిడే తెలుస్తుంది. ఒకచోట అది నొప్పిగా మారుతుంది. ఆ హద్దు ఎంత తక్కువలో వస్తే మీ కండ నొప్పికి అంత సున్నితంగా ఉన్నట్టు. పరిశోధకులు రబ్బరు మొన ఉన్న చిన్న పరికరంతో నొక్కి దీన్ని అంకెల్లో కొలుస్తారు. కాస్త గట్టిగా వ్యాయామం చేసిన వెంటనే కొలిస్తే ఆరోగ్యవంతుల్లో ఈ హద్దు సాధారణంగా పైకి జరుగుతుంది. అంటే ముందు నొప్పి పుట్టించిన నొక్కుడే ఇప్పుడు పెద్దగా తెలియదు. మెదడు, వెన్నుపాము నొప్పి కబుర్లను కొంతసేపు అణిచిపెడతాయి. నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్ల వంటి రసాయనాలను శరీరమే తయారుచేసుకుంటుంది. కెటిల్‌బెల్ స్వింగుల తర్వాత నడుం చుట్టూ ఈ హద్దు కొద్దిగా పెరిగిందని 2017లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం చెప్పింది. కాకపోతే ఈ రకం ఉపశమనం సాధారణంగా అరగంట, కాస్త అటూ ఇటూ. నా మొదటి సాయంత్రం ఆనందంలో ఎక్కువ భాగం ఇదే అయ్యుంటుంది.

మూడు రోజులు. అలవాటు లేని పని చేశాక 12 నుంచి 24 గంటల్లో మొదలై, 24 నుంచి 72 గంటల మధ్య ముదిరే ఒళ్ళు నొప్పి ఇది. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోవడం వల్ల అని జిమ్‌లో ఇప్పటికీ చెప్తుంటారు. అది గంటా గంటన్నరలోనే మామూలు స్థాయికి దిగిపోతుంది, ఎల్లుండి నొప్పికి దాన్ని ఆడిపోసుకోవడం అన్యాయం. కండ నారలు చిట్లడం వల్లే ఈ నొప్పి అని 1902లోనే థియోడర్ హఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఊహించాడు. ముఖ్యంగా బరువును ఆపుతూ కండ సాగినప్పుడు ఇది ఎక్కువ. అలిపిరి నుంచి తిరుమలకు 3550 మెట్లు. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ నడిచి దిగినవాళ్ళ తొడల్ని రెండో రోజు అడగాలి. ఈ రోజుల్లో ఇందాకటి బొటనవేలి పరీక్ష చేస్తే హద్దు కిందికి పడిపోయి ఉంటుంది, ముట్టుకుంటేనే అమ్మో అనిపిస్తుంది.

ఇందులో ఊరట ఒకటుంది. ఏడాది తర్వాత నాట్లకు దిగిన కూలీలకు మొదటి రెండు మూడు రోజులు నడుం, తొడలు పట్టేస్తాయి, ఆ తర్వాత అదే పని అలవాటైపోతుంది. ఒకసారి నొప్పి పడ్డ కండ అదే పనికి కొన్ని వారాలపాటు అంతగా నొప్పి పుట్టనివ్వదు. మొదటిసారి తేలిగ్గా చేసినా ఈ రక్షణ కొంత వస్తుంది. వంద స్వింగులు అక్కర్లేదు, ముప్పై చాలు. ఆ కుర్రాడికి ఈ ముక్క ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

రెండు నెలలు. ఏళ్ళ తరబడి సలిపే మెడ, నడుం నిజంగా నెమ్మదిస్తాయా అనేది ఇక్కడే తేలుతుంది. డబ్బు పెట్టేముందు చూడాల్సింది దీన్నే. మొదటి అరగంటను చూసి కొనేవాళ్ళు, మూడో రోజును చూసి మానేసేవాళ్ళు ఇద్దరూ తొందరపడ్డట్టే.

వీటికి నాలుగోది ఒకటి కలుపుకోండి: తప్పుగా చేస్తే ఎంత నష్టం, సరిగ్గా నేర్పేవాళ్ళు దొరుకుతారా.

## కెటిల్‌బెల్

రష్యాలో దీని పేరు గిర్యా. సంతల్లో ధాన్యం తూచే తూకపు రాయిగా మొదలైందని చెప్తారు. పాత రష్యన్ తూకం ప్రకారం ఒక పూద్ అంటే 16 కిలోల పైచిలుకు. అందుకే ఇప్పటికీ 16, 24, 32 కిలోల బెల్స్ ఎక్కువ కనిపిస్తాయి.

నొప్పి విషయంలో దీని గురించి గట్టిగా చెప్పుకోదగ్గ ప్రయోగం 2011లో డెన్మార్క్ పరిశోధకులది. కండల నొప్పులు ఎక్కువగా వచ్చే ఉద్యోగాలు చేసే 40 మందిని తీసుకున్నారు, ఎక్కువమంది మహిళలే. కొందరితో వారానికి మూడుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున, ఎనిమిది వారాలు కెటిల్‌బెల్ చేయించారు. చేయనివాళ్ళతో పోలిస్తే పది పాయింట్ల కొలతలో మెడ-భుజం నొప్పి 2.1 పాయింట్లు, నడుం నొప్పి 1.4 పాయింట్లు తగ్గింది. వీపు కండల బలం పెరిగింది. గుండె-ఊపిరితిత్తుల సామర్థ్యం మాత్రం పెరగలేదు. స్వింగ్ కొడుతుంటే వచ్చే ఆయాసం చూసి "కార్డియో కూడా అయిపోయింది" అనుకునేవాళ్ళు ఈ చివరి ముక్క గమనించండి.

40 మంది అంటే చిన్న ప్రయోగమే. అయినా ఒకే సాధనంతో మెడకూ నడుముకూ రెండింటికీ ఫలితం రావడం నాకు ముఖ్యంగా తోచింది.

కెటిల్‌బెల్ అని ఒకే మాట అంటాం కానీ, మూడో రోజు నొప్పి లెక్కలో అందులో మూడు వేర్వేరు వ్యాయామాలున్నాయి.

*స్వింగ్.* రెండు చేతుల్లోనూ సరుకుల సంచులున్నప్పుడు తలుపును పిర్రలతో వెనక్కి నెట్టి మూస్తారు కదా, స్వింగులో వంగడం అదే. మోకాళ్ళు కొద్దిగా మాత్రమే వంగుతాయి, నడుం నిటారుగా ఉండి తుంటి దగ్గర మడత పడుతుంది. అక్కణ్ణుంచి పిర్రలు బిగించి లేస్తే గుండు దానంతటదే ఛాతీ దాకా ఎగురుతుంది. చేతులు తాళ్ళలాంటివి, వాటితో ఎత్తకూడదు. గుండు తిరిగి కాళ్ళ మధ్యకు పడేటప్పుడు దాన్ని ఆపేది తొడ వెనక కండలు. ఎల్లుండి నొప్పి అక్కడే.

నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక పరిశోధకుడు స్టువర్ట్ మెక్‌గిల్, 16 కిలోల స్వింగ్ కొట్టేటప్పుడు నడుం మీద పడే భారాన్ని లెక్కగట్టి 2012లో ప్రచురించారు. కింది దశలో వెన్నును నొక్కే బలం దాదాపు 3200 న్యూటన్లు. బరువులెత్తే పనులకు అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ పెట్టుకున్న 3400 న్యూటన్ల హద్దుకు ఇది దగ్గర. అంతకన్నా ఆసక్తికరమైనది, వెన్నుపూసల్ని ఒకదాని మీద ఒకటి జరిపే బలం మామూలుగా బరువెత్తినప్పటికి వ్యతిరేక దిశలో పనిచేయడం. పెద్ద బరువులు సులువుగా ఎత్తేవాళ్ళలో కొందరికి చిన్న స్వింగ్ పడకపోవడానికి ఇదే కారణం కావచ్చన్నారు. కాబట్టి "నాకు స్వింగ్ పడలేదు" అనే మనిషిని వెక్కిరించకండి.

*గాబ్లెట్ స్క్వాట్.* గుండును ఛాతీకి ఆనించి పట్టుకుని గుంజీలు తీయడం. మెల్లగా దిగుతారు కాబట్టి తొడ ముందు కండలకు మూడో రోజు నొప్పి బాగా తెలుస్తుంది. ఇండియన్ టాయిలెట్ ఉన్న ఇంట్లో ఆ రోజు గోడ ఆసరా కావాలి. నేర్చుకోవడం మాత్రం స్వింగ్ కన్నా చాలా తేలిక.

*పట్టుకుని నడవడం.* ఒక చేత్తో గుండు వేలాడదీసుకుని, ఒరగకుండా నిటారుగా నడవడం. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్‌ను కింది నుంచి మూడో అంతస్తుకు మోసినవాళ్ళంతా ఇది చేసినట్టే. కండలు బిగుసుకుని ఉంటాయి తప్ప బరువు కింద పెద్దగా సాగవు, అందుకని మర్నాటి నొప్పి ఈ మూడింటిలో అతి తక్కువ. ముంజేతులు, మెడ పక్క కండలు, నడుం పక్కలు అన్నీ పనిచేస్తాయి. జిమ్‌లో చూడ్డానికి గొప్పగా ఉండదని ఎవరూ నేర్పరు కానీ, నొప్పితో మొదలుపెట్టేవాళ్ళకు నేను ముందు చెప్పేది ఇదే.

## డంబెల్

కండకు తన మీద ఉన్నది డంబెలా కెటిల్‌బెలా అన్నది తెలియదు. మెల్లగా దింపితే రెండింటితోనూ నొప్పే. డంబెల్‌కు ఉన్న నిజమైన లాభం అంచెలు. ఇందులో కిలో, రెండున్నర కిలోల చొప్పున పెంచుకోవచ్చు. మామూలుగా దొరికే కెటిల్‌బెల్స్‌లో 8 తర్వాత 12. అంటే ఒక్కసారిగా సగం బరువు పెరిగినట్టు. సున్నితంగా ఉన్న భుజానికి అది పెద్ద గెంతు.

మెడ విషయంలో డంబెల్ పక్షాన గట్టి సాక్ష్యం ఉంది, అది కూడా డెన్మార్క్‌దే, 2008 నాటిది. మెడ కండ నొప్పితో బాధపడే మహిళల్లో కొందరు పది వారాలు డంబెల్స్‌తో మెడ-భుజం కండల వ్యాయామాలు చేశారు, కొందరు సైకిల్ తొక్కారు. సైకిల్ తొక్కినవాళ్ళకు అయిన వెంటనే కాసేపు కొంచెం ఉపశమనం, అంతే. డంబెల్స్ పట్టినవాళ్ళకు పది వారాలకు నొప్పి బాగా తగ్గి, తగ్గినట్టే నిలిచింది. అరగంటకూ రెండు నెలలకూ తేడా చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

## రబ్బరు బ్యాండు

చూడ్డానికి ఆటవస్తువులా ఉంటుందని దీన్ని చాలామంది లెక్కచేయరు. 2011లో మెడ-భుజం నొప్పి తరచూ వచ్చే 198 మంది ఆఫీసు ఉద్యోగులతో, వారానికి ఐదు రోజులు, పది వారాలు ఒకే ఒక్క వ్యాయామం చేయించి చూశారు. బ్యాండును కాలికింద తొక్కిపెట్టి రెండు చేతులూ పక్కలకు భుజాల ఎత్తు దాకా లేపడం. ఒక గుంపు రోజుకు పన్నెండు నిమిషాలు, ఇంకో గుంపు రెండంటే రెండు నిమిషాలు. పన్నెండు నిమిషాలవాళ్ళకు పదిలో 1.9 పాయింట్లు, రెండు నిమిషాలవాళ్ళకు 1.4 పాయింట్ల నొప్పి తగ్గింది. వేలితో నొక్కితే నొప్పి పుట్టే గుణమూ రెండు గుంపుల్లోనూ తగ్గింది.

రెండు నిమిషాలంటే టీ మరిగే లోపు. ఖర్చు కొద్ది వందలు. నేర్పేవాళ్ళు అక్కర్లేదు, పాదం మీద పడేదేమీ లేదు. నడుముకు, కాళ్ళకు మాత్రం దీన్ని నమ్ముకుని పెద్దగా లాభం లేదు.

## నడక

చదునైన నేల మీద నడకతో మూడో రోజు నొప్పి దాదాపు ఉండదు. అరగంట ఉపశమనం కూడా తక్కువే, కాస్త ఆయాసం వచ్చేలా నడిస్తే తప్ప. కానీ తిరగబెట్టే నడుం నొప్పికి దీని పనితనం తక్కువ అంచనా వేయకండి. ఆస్ట్రేలియాలో 701 మందితో చేసి 2024లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో, నడుం నొప్పి ఈమధ్యే తగ్గినవాళ్ళను ఫిజియోథెరపిస్టు సలహాతో మెల్లగా నడకలోకి దించారు. నడిచినవాళ్ళలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది, ఏ చికిత్సా ఇవ్వనివాళ్ళలో 112 రోజులే. మెడకు మాత్రం నడక ఒక్కటే చాలదు. ఇందాకటి సైకిల్ కథే.

## పక్కపక్కన పెడితే

| | అరగంటలో ఉపశమనం | మూడో రోజు నొప్పి | రెండు నెలల్లో మెడ | రెండు నెలల్లో నడుం | నేర్చుకునే కష్టం |
|---|---|---|---|---|---|
| స్వింగ్ | బాగానే | తొడ వెనక, పిర్రలు. మొదట్లో ఎక్కువ | మంచిది | మంచిది, కొందరికి పడదు | ఎక్కువ |
| గాబ్లెట్ స్క్వాట్ | ఓ మాదిరి | తొడ ముందు. ఎక్కువ | పెద్దగా లేదు | కొంత | తక్కువ |
| గుండుతో నడక | ఓ మాదిరి | తక్కువ | కొంత | కొంత | చాలా తక్కువ |
| డంబెల్ | ఓ మాదిరి | మెల్లగా దింపితే ఎక్కువ | చాలా మంచిది | ఏ వ్యాయామమో బట్టి | మధ్యస్థం |
| రబ్బరు బ్యాండు | తక్కువ | తక్కువ | మంచిది | పెద్దగా లేదు | చాలా తక్కువ |
| నడక | తక్కువ | దాదాపు లేదు | పెద్దగా లేదు | తిరగబెట్టకుండా మంచిది | లేదు |

గాబ్లెట్ స్క్వాట్, గుండుతో నడక వరుసల్లో కొన్ని గళ్ళు నా అనుభవం, కండల పనితీరు చూసి నింపినవి. ఆ రెండింటినీ విడిగా తీసి నొప్పి కొలిచిన ప్రయోగాల నుంచి కాదు.

## ఎవరికి ఏది

రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చుని మెడ సలిపేవాళ్ళు బ్యాండుతో మొదలుపెట్టండి. నెల రోజులు రెండు నిమిషాలు కూడా కుదరకపోతే పదివేలు పెట్టి ఇనుము కొన్నా కుదరదు. కుదిరితే డంబెల్స్‌కు వెళ్ళండి.

మెడ, నడుం రెండూ ఉండి, వారానికి మూడుసార్లు ఇరవై నిమిషాలు ఇవ్వగలిగి, దగ్గర నిలబడి తప్పులు దిద్దే మనిషి ఉన్నవాళ్ళకు కెటిల్‌బెల్ నిజంగా మంచి బేరం. మొదటి రెండు వారాల ఒళ్ళు నొప్పులకు సిద్ధపడాలి.

రోజంతా ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళకు, అంటే నర్సులు, డెలివరీ కుర్రాళ్ళు, కొట్లో నిలబడేవాళ్ళకు, మూడో రోజు నొప్పి ఉత్త అసౌకర్యం కాదు, జీతంతో ముడిపడ్డది. శనివారం సాయంత్రం ఉత్సాహంగా మొదలుపెడితే సోమవారం డ్యూటీలో అది ముదురుతుంది. కొత్త వ్యాయామమైనా, బరువు పెంచడమైనా రెండు రోజుల సెలవు ముందర ఉన్నప్పుడే చేయండి. గుండుతో నడకతో మొదలుపెట్టి, స్వింగ్‌ను నెల తర్వాత చూసుకోండి.

ఒళ్ళంతా నొప్పులతో, ఫైబ్రోమయాల్జియా వంటివాటితో ఉన్నవాళ్ళది వేరే దారి. వీళ్ళలో కొందరికి గట్టిగా వ్యాయామం చేస్తే అరగంట ఉపశమనం రాకపోగా సున్నితత్వం ఇంకా పెరుగుతుంది. అది బద్ధకమూ కాదు, నటనా కాదు. "నొప్పి పుడితేనే పనిచేసినట్టు" అనే మాట వీళ్ళ దగ్గర అనకూడదు. తేలికపాటి నడక, ఇంకా చేయగలను అనిపించినప్పుడే ఆపేయడం, వారాల మీద మెల్లగా పెంచడం, అదీ డాక్టరుతో మాట్లాడాక.

మోకాళ్ళ నొప్పులున్న అమ్మకో అత్తయ్యకో కొనాలనుకుంటే: నడక, బ్యాండు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. స్వింగ్ వద్దు.

ఇప్పటికే ఏళ్ళ తరబడి జిమ్ చేసేవాళ్ళకు నా సలహా పెద్దగా అక్కర్లేదు. ఒక్కటే: బలం ఉంది కదా అని మొదటి రోజే 24 కిలోలతో వందలు కొట్టకండి. మీ తొడలకు ఈ వేగం కొత్త.

## నొప్పి మొదలయ్యాక

వ్యాయామానికి ముందూ తర్వాతా సాగదీస్తే ఒళ్ళు నొప్పి రాదనేది బాగా నాటుకుపోయిన నమ్మకం. చికిత్సల మీద వచ్చిన ప్రయోగాలను పోగేసి తూచే కోక్రేన్ సంస్థ 2011 నాటి సమీక్షలో ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, నొప్పి తగ్గేది లెక్కలోకి రానంతేనని తేలింది. మర్దన కొంత హాయినిస్తుంది. మెల్లగా అటూ ఇటూ నడిస్తే కాసేపు తేలికవుతుంది. నొప్పి మాత్ర వేసుకుని ఎండల్లో, నీళ్ళు తాగకుండా బరువులెత్తడం కిడ్నీలతో చెలగాటం.

రెండు పక్కలా సమానంగా, కండ మధ్యలో, మొద్దుగా ఉండే నొప్పి సాధారణంగా తగ్గేదే. చేస్తుండగానే చురుక్కుమన్నా, కాల్లోకి పాకినా, తిమ్మిరెక్కినా ఆపి డాక్టరుకు చూపించాలి. కండలు వాచి, మూత్రం డికాషన్ రంగులోకి మారితే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి, అది కండ కరిగి కిడ్నీల మీద పడుతున్న సూచన. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్రలు వాడేవాళ్ళు కొత్తగా వచ్చిన కండ నొప్పుల గురించి డాక్టరుకు తప్పక చెప్పాలి. గర్భిణులు, హెర్నియా, బీపీ ఉన్నవాళ్ళు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు మొదలుపెట్టే ముందే అడగాలి.

## కెటిల్‌బెల్లే అని తేల్చుకుంటే

బరువులెత్తే అలవాటు లేని ఆడవాళ్ళు 8 కిలోలతో, మగవాళ్ళు 12తో మొదలుపెట్టొచ్చు. మరీ తేలికది కొనకండి. నాలుగు కిలోల గుండును ఎవరైనా చేతులతోనే లేపేస్తారు, తుంటి వాడటం ఎప్పటికీ రాదు. మొదటి వారం మూడు రోజులు, రోజుకు పది చొప్పున మూడు సెట్ల స్వింగులు, నాలుగైదు సార్లు గదిలో అటూ ఇటూ గుండుతో నడక. మూడో రోజు నొప్పి ఓర్చుకోగలిగినంతే ఉంటే రెండో వారం ఒక సెట్టు కలపండి.

షాపులో పిడి లోపలివైపు వేలు పోనిచ్చి చూడండి. పోత పోసినప్పుడు మిగిలిన గీత తగిలితే అది తీసుకోవద్దు, పది రోజుల్లో అరచెయ్యి కోసుకుపోతుంది. రెండు చేతులూ పక్కపక్కన పట్టేంత వెడల్పు ఉండాలి. అడుగు చదునుగా ఉందో లేదో నేల మీద పెట్టి చూసుకోండి. మా ఇంట్లోది కొంచెం గుండ్రం, వరండాలో పెడితే దొర్లుకుంటూ వెళ్ళి తులసికోటకు తగిలింది.